కళ్ళజోడు డబ్బాలోని ప్రాసెసర్

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి నన్ను లాకప్ దగ్గరికి వదిలారు. ఐదింటికి మెకానిక్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. ఒకసారి లోపలికి వెళ్ళాక బయటికి తీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది నాలుగు గంటల నలభై నిమిషాలు.

అతన్ని బజారంతా టంకం అనే పిలుస్తుంది. నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా భూతద్దం కింద కంప్యూటర్ బోర్డుల మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. వేళ్ళ కొసల నిండా కాలిన మచ్చలు. నన్ను ఈ పనికి పెట్టుకున్నది అతని అక్క. షాపులో కౌంటరు దగ్గర కూర్చుని పనిచీటీలు రాసేది ఆవిడే. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముణ్ణి సాకింది కూడా ఆవిడే.

"మొదటి నుంచి చెప్పు. ఏడుపు తర్వాత," అన్నాను.

"సోమవారం పొద్దున పదింటికి ఇంజనీరు గారు వచ్చారండీ. ఎనిమిదేళ్ళ కిందటి లాప్‌టాప్ పట్టుకొచ్చారు. ఒక్క బిల్డింగు లెక్క వేస్తే పదకొండు గంటలు పడుతోందయ్యా, ప్రాసెసర్ మార్చు అన్నారు."

"మార్చొచ్చా?"

"పెద్ద కంప్యూటర్లో అయితే గొళ్ళెం ఎత్తి తీసి పెట్టేయొచ్చండీ. ఇందులో బోర్డుకే అతికించేసి ఉంటుంది. కింద వెయ్యికి పైగా టంకం చుక్కలుంటాయి. ఒక్క చుక్క పక్కదానికి అంటుకున్నా బోర్డు మొత్తం చెత్తబుట్టకే. ఆ మాటే చెప్పాను. కొత్తది కొనుక్కోండి సార్ అన్నాను."

"ఏమన్నాడు?"

"నా సాఫ్ట్‌వేర్ దీంట్లోనే నడుస్తుంది, కొత్తవాటిలో ఎక్కదు అన్నారు. బుధవారం పొద్దుటికల్లా నాకీ లెక్క తేలాలి, పోతే పోయింది, చెయ్యి అన్నారు. చేశాను."

"ఎలా చేశావో చెప్పు."

అంతసేపూ నేల చూపులు చూస్తున్నవాడు ఒక్కసారి తలెత్తాడు. "కింద నుంచి బోర్డంతా మెల్లగా వేడి చేశానండీ. పైనుంచి వేడిగాలి. టంకం కరిగాక పాతది ఎత్తేశాను. అదే జాతిలో పెద్ద ప్రాసెసర్ ఒకటి, చచ్చిపోయిన బోర్డు నుంచి తీసింది, నా దగ్గరుంది. దానికి కొత్త చుక్కలు పోసి కూర్చోబెట్టాను. సోమవారం సాయంత్రం మొదలుపెడితే మంగళవారం రెండున్నరకి అయింది. మధ్యలో రెండుసార్లు చచ్చి బతికాననుకోండి."

"చచ్చింది నువ్వు కాదు," అన్నాను.

మళ్ళీ తల దించుకున్నాడు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి ఇంజనీరు తన ఇంటి మేడమెట్ల కింద శవమై కనిపించాడు. తల వెనక ఎముక చిట్లింది. డాక్టరు లెక్కన చావు నాలుగుకీ ఆరుకీ మధ్య. నాలుగూ పదికి లాప్‌టాప్ పట్టుకుని ఆ మెట్లెక్కినవాడు టంకం. నాలుగూ ఇరవై ఐదుకి దిగి వెళ్ళాడని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత వీధి గేటు తీసిన వాళ్ళను ఎవరూ చూడలేదు.

"రెండూ నలభైకి ఆయనకి ఫోన్ చేశావు. ఆరు నిమిషాలు. దేనికి గొడవ?"

"గొడవేంటండీ! ప్రాసెసర్ మార్చగానే ఈ మోడల్‌కి అనుమానం వస్తుంది. దొంగ చేతిలో పడ్డాననుకుంటుంది. డిస్కుకి తాళం వేసుకుని, నలభై ఎనిమిది అంకెలు కొట్టు, అప్పుడు తెరుస్తా అంటుంది. ఆ అంకెలు ఓనరు దగ్గరే ఉంటాయి. ఆయన చదివారు, నేను కొట్టాను. తెరుచుకుంది. అంతే."

"రాసుకున్నావా?"

"అలాంటివి రాసుకోకూడదండీ."

"రోజూ వాడే పాస్‌వర్డ్?"

"అది పనిచీటీ మీద ఉంటుంది. పని అయ్యాక ఆన్ చేసి చూపించాలి కదా."

"పాత ప్రాసెసర్ ఏం చేశావు?"

"ఆయన చేతిలోనే పెట్టాను. తీసిన సామాను ఓనరుకిచ్చి సంతకం పెట్టించుకోవడం మా అక్క పెట్టిన రూలు. లేకపోతే రేపు, ఏదీ మార్చకుండానే మార్చామన్నారంటారు."

అక్క ఇచ్చిన పనిచీటీ నా జేబులోనే ఉంది. తీసి చూశాను. లాప్‌టాప్ సీరియల్ నంబరు, చివరి అంకె ఆరు. పాస్‌వర్డ్. దాని కింద 'పాతది ముట్టింది' అని ఇంజనీరు రాత, సంతకం, టైము నాలుగూ పదిహేను.

"అరచేతిలో పెట్టుకుని నవ్వారండీ," అన్నాడు టంకం. "ఎనిమిదేళ్ళ పాటు నా లెక్కలన్నీ ఈ బిళ్ళే మోసిందా అన్నారు. ఎక్కడ పెట్టారో నేను చూళ్ళేదు."

"నువ్వు చేసిన పని నీదేనని ఎలా తెలుస్తుంది?"

"నాలుగు మూలలా ఎర్ర గోళ్ళరంగు చుక్క పెడతాను. అక్కదే. తర్వాత ఎవరైనా కెలికితే చుక్క పగులుతుంది. మా సందులో అందరికీ తెలుసు. వెక్కిరిస్తారు కూడా."

లేచాను. బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. మంగళవారం తర్వాత ఆ మోడల్ లాప్‌టాప్ ఎవరి దగ్గరికైనా వచ్చిందేమో సందులో షాపులన్నిటికీ ఫోన్ చేసి కనుక్కోమన్నాను. ఎందుకని అడగలేదు. ఎందుకని అడగని మనిషిని చూసి చాలాకాలమైంది.

ఇన్‌స్పెక్టర్ ఎనిమిదేళ్ళు నా కింద పనిచేశాడు. నేను ఉద్యోగం వదిలేశాక నా కుర్చీలో కూర్చున్నాడు. నా దగ్గర నుంచి తీసుకున్నది ఆ కుర్చీ ఒక్కటే.

"రండి గురువుగారూ," అన్నాడు. "ఖాళీగా కూర్చోలేక ఇలాంటి పనులు పెట్టుకుంటున్నారు. ఇంట్లో ఎవరూ లేకపోతే అంతే."

"లాప్‌టాప్ చూపించు."

బల్ల మీద పెట్టాడు. "చూసుకోండి. మా నిపుణుడు మూత విప్పి చూశాడు. ప్రాసెసర్ పాతదే. కంపెనీలో అతికించింది అతికించినట్టే ఉంది. గోళ్ళరంగూ లేదు, పెదాల రంగూ లేదు. డిస్కు ఖాళీ, కొత్తగా సిస్టం ఎక్కించి ఉంది. అంటే ఏంటి? మీవాడు పని చెయ్యలేదు. పైగా ఆయన ఎనిమిదేళ్ళ లెక్కలు తుడిచిపారేశాడు. ఫోన్లో ఆరు నిమిషాలు తిట్లు తిన్నాడు. ఇంటికెళ్ళాక మళ్ళీ తిన్నాడు. ఒళ్ళు మండి తోశాడు. సరిపోయింది."

"నువ్వు సరిపెట్టావు."

జవాబు చెప్పబోతుంటే అతని ఫోన్ మోగింది. చెవికి కాస్త దూరంగా పెట్టుకుని మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు. అవతల ఆడపిల్ల గొంతు నాకూ వినబడింది.

"నాన్నా, గది బాగుంది కానీ తలుపే పడట్లేదు. నిన్న పడింది. ఇవాళ పైన పట్టేస్తోంది."

"కొత్త తలుపులు అలాగే ఉంటాయమ్మా. వార్డెన్‌కి చెప్పు, వడ్రంగిని పిలిపిస్తుంది. అందాకా గట్టిగా తోసి మూసుకో."

"ఇప్పుడు మూయను, బట్టలు ఉతుక్కోవాలి. అమ్మకి చెప్పు, అన్నం తిన్నానని."

ఫోన్ పెట్టేశాక అతని మొహం ఒక క్షణం పాటు పోలీసు మొహంలా లేదు. "మా అమ్మాయి. మొదటి ఉద్యోగం. నిన్ననే హాస్టల్లో దింపి వచ్చాను."

ఆ క్షణం అయ్యేదాకా ఆగి లాప్‌టాప్ తిరగేశాను. అడుగున మూత మీద సీరియల్ నంబరు చీటీ. చివర ఆరు. పనిచీటీలో ఉన్నదే. మూతకున్న మరమేకుల తలల మీద గీతలు. తిరిగి మామూలుగా పెట్టి కీబోర్డు మీదికి వంగాను. అక్షరాల మీద అచ్చు సగం అరిగిపోయింది. అంకెల మీద మాత్రం కొన్ననాటి తెలుపు అలాగే ఉంది.

"ఇంజనీరు రోజంతా ఏం చేసేవాడు?"

"లెక్కలు."

"లెక్కలు వేసేవాడి అంకెలు అరగలేదు. అక్షరాలు అరిగాయి. ఉత్తరాలు రాసుకునేవాడి లాప్‌టాప్‌లా ఉందిది."

"మౌస్‌తో వేసుంటాడు."

"అంకెలా?"

"గురువుగారూ, ఐదింటికి మేజిస్ట్రేటు. ఈ కీబోర్డు జాతకం ఆయనకి చెప్పండి."

"ముందు గది చూడాలి. నువ్వూ రా. లేకపోతే నేనే ఏదో తెచ్చి అక్కడ పెట్టానంటావు."

"అంటాను," అని టోపీ తీసుకున్నాడు.

ఒంటిగంటన్నరకి ఇంజనీరు ఇంట్లో ఉన్నాం. కింద కాపురం, పైన ఆఫీసు గది. వెనక వాటాలో బావమరిది. అంటే ఇంజనీరు భార్య తమ్ముడు, వ్యాపారంలో భాగస్థుడు. లెక్కలు ఇంజనీరువి. ఉత్తరాలు, అనుమతులు, మంతనాలు బావమరిదివి. వెనక వాటా నుంచి పెరట్లోంచి మెట్ల దగ్గరికి రావచ్చు. వీధి గేటు ముట్టుకోనక్కర్లేదు. మెట్లు పదహారు. చివరి మెట్టు పక్కన సిమెంటు కడిగిన మరక ఇంకా ఆరలేదు.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా చుట్టిన నక్షాలు. ఇంజనీరు భార్య తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రాలేదు.

"మంగళవారం మధ్యాహ్నం ఆయన ఫోన్లో ఎవరినైనా తిట్టారామ్మా?" అని అడిగాను.

"తిట్టడమా? లేదండీ. ఈ కిటికీ దగ్గర నిలబడి డైరీ చూసి అంకెలు చదివారు. ఆరేసి చొప్పున. ప్రతి ఆరింటికీ ఆగి, ఊ, కొట్టావా అనేవారు. నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఎనిమిది సార్లు ఆగారు. బళ్ళో పిల్లాడికి ఎక్కాలు చెబుతున్నారా అని నవ్వాను కూడా."

ఇన్‌స్పెక్టర్ వైపు చూశాను. ఆరు నిమిషాల తిట్లు అతని జేబు పుస్తకంలోనే ఉన్నాయి. పుస్తకం తీయలేదు.

"తర్వాత మీరు?"

"మూడున్నరకి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆరూ పదికి వచ్చేసరికి…" అక్కడ ఆగింది. నేను ఆ మాట పూర్తిచేయించలేదు.

"ఆయన లాప్‌టాప్ మీరు గుర్తుపడతారా?"

"ఎలా గుర్తుపడతానండీ! తమ్ముడిదీ అచ్చం అలాంటిదే. ఒకేరోజు, ఒకే షాపులో, ఒకే బిల్లు మీద కొన్నారు. కవలలని ఏడిపించేదాన్ని."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావమరిది. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. గదిలోకి వస్తూనే ఇన్‌స్పెక్టర్‌కి నమస్కారం పెట్టాడు. నాకు పెట్టలేదు.

"ఇంకా ఏం విచారణ సార్? ఆ మెకానిక్ మోసగాడు. మా బావ మంచివాడు కాబట్టి నమ్మాడు. ఆ మోడల్లో ప్రాసెసర్ మార్చడమన్నదే కుదరదు. బోర్డుకి అతికించి ఉంటుంది."

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"షాపులో అడిగాను."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"మీ లాప్‌టాప్ ఎక్కడుంది?"

"అదెప్పుడో పాతసామానుకి వేసేశాను. ఏడాదవుతోంది."

"ఏడాది కిందట పాతసామానుకి వేసినదానికి పోయిన నెల ప్రాసెసర్ మార్చమని అడిగారా?"

ఒక్క క్షణం ఆలస్యమైంది. నాకు కావలసింది ఆ క్షణమే. "బావదాని కోసం అడిగాను."

"ఆయన ఎవరి చేతా ఏదీ అడిగించుకోరు," అంది ఇంజనీరు భార్య తలుపు దగ్గర నుంచి. "మంచినీళ్ళు కూడా ఆయనే తెచ్చుకుంటారు."

"అక్కా, నువ్వు కిందికి వెళ్ళు."

ఆవిడ వెళ్ళలేదు.

పోలీసులు చేసిన జాబితా చదివాను. లాప్‌టాప్, చార్జరు, నక్షాలు, పెన్నులు, కళ్ళజోడు డబ్బా. డబ్బా పక్కన 'ఖాళీ' అని రాశారు. ఎవరూ తెరవలేదన్నమాట. తెరవని డబ్బా ఖాళీ అని రాయడం మా స్టేషన్లో పాత జబ్బు. నేనుండగా మాన్పించలేకపోయాను.

"ఆయన చిన్న చిన్న వస్తువులు ఎక్కడ పెట్టేవారమ్మా? మరలు, నాణేలు, అలాంటివి."

"అందులోనే," అని డబ్బా చూపించింది. "కళ్ళజోడు ఎలాగూ పడుకునేదాకా మొహం మీదే ఉంటుంది. ఊడిన నా చెవిదిద్దు రాయి కూడా అందులోనే దాచారు."

అలాంటి డబ్బా మా ఇంట్లోనూ ఒకటుంది. మూడేళ్ళయింది తెరిచి.

ఇన్‌స్పెక్టర్ చేతే తెరిపించాను. మెత్తటి గుడ్డ ముక్క. దాని కింద ఒక తెల్లరాయి. పక్కన తపాలా బిళ్ళంత ఆకుపచ్చ పలక, మధ్యలో అద్దంలా మెరిసే చిన్న బిళ్ళ. తిరగేస్తే అడుగునంతా వరసలు వరసలుగా కరిగి చిట్లిన టంకం.

"మీ నిపుణుడి కాగితంలో లాప్‌టాప్ లోపల ఉన్న ప్రాసెసర్ పేరేమిటి?"

చదివాడు. బిళ్ళ మీద అచ్చు చదివాను. రెండూ ఒకటే.

"పాతది ముట్టింది అని ఇంజనీరే సంతకం పెట్టాడు. ఇదిగో ముట్టింది. మరి పాతది డబ్బాలో ఉంటే, నీ దగ్గరున్న లాప్‌టాప్‌లో ఇంకో పాతది ఎక్కడిది? ఒక లాప్‌టాప్‌కి రెండు పాత ప్రాసెసర్లు ఉండవు."

"మీవాడి దగ్గర ఇలాంటి బిళ్ళలు డజన్లుంటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. వెంటనే అన్నాడు, తెలివితక్కువవాడు కాదు. "ఏదో ఒకటి చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. పైగా సీరియల్ నంబరు సరిపోయింది కదా."

టంకం అక్కకి ఫోన్ చేశాను. గోలగా ఉంది అవతల. నా ప్రశ్నకి ఒక్క గుక్కలో చెప్పింది.

"చీటీ ఉండేది అడుగు మూత మీదండీ. మూత మారిస్తే చీటీ మారిపోతుంది. లోపల బోర్డులో ఉన్న నంబరు మారదు. ఆన్ చేస్తూ పై వరసలో రెండో మీట నొక్కి పట్టుకుంటే తెర మీద చూపిస్తుంది. మీకెందుకు, ఆ పోలీసుల్నే నొక్కమనండి."

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు పట్టింది. అవతల కాగితాలు రాసే రైటరు నంబరు చదివాడు. చివర ఏడు.

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. ఏడే.

ఇంజనీరు భార్య కిందికి వెళ్ళింది. పాత బిల్లు తెచ్చి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది, తమ్ముడి వైపు చూడకుండా. ఒకే బిల్లు మీద రెండు నంబర్లు. ఆరు, ఏడు. ఆరుకి ఎదురుగా ఇంజనీరు సంతకం. ఏడుకి ఎదురుగా బావమరిది సంతకం.

"ఎనిమిదేళ్ళలో ఎప్పుడో తారుమారై ఉంటాయి," అన్నాడు బావమరిది.

"సరే. తారుమారయ్యాయి. ఏడాది కిందట పాతసామానుకి వెళ్ళింది మొన్న మీ బావ బల్ల మీదికి నడిచి వచ్చిందా?"

అతను తన ఫోన్లలో ఒకటి తీశాడు. "నేను లాయరుతో మాట్లాడాలి."

"తప్పకుండా. ఈలోగా నేను చెబుతాను, తప్పయితే దిద్దండి. బావ లాప్‌టాప్‌లో మీకు ముప్పు తెచ్చేది ఏదో ఉంది. అది ఎవరికైనా పంపారా అని చూసుకోవాలి, కానీ పాస్‌వర్డ్ మీకు తెలియదు. వస్తువు మాయమైతే అనుమానం వస్తుంది. అందుకని మీది తెచ్చి, అందులో ఉన్నదంతా తుడిచి, మూతలు మార్చి ఇక్కడ పెట్టారు. ఆయనది తీసుకెళ్ళారు. ప్రాసెసర్ మార్చడం కుదరదని షాపువాడు చెప్పిన మాట నమ్మారు. కాబట్టి రెండూ లోపల ఒకేలా ఉంటాయనుకున్నారు. కుదరదన్నది మామూలు మెకానిక్‌లకి. టంకానికి కాదు."

అతను ఫోన్లో లాయరు నంబరు వెతుకుతున్నాడు. ఇంజనీరు భార్య ఒక మాట అడిగింది. "ఆరింటికి నువ్వే చూశానన్నావు కదరా. అప్పటికి ఆయనకి ప్రాణం ఉందా?"

"అక్కా…"

"ఉందా లేదా?"

అతను గోడ మీది నక్షాల వైపు తిరిగాడు. ఆవిడ ఇంకోసారి అడగలేదు. మెట్ల మీద కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ను పిలిచి అతని పక్కన నిలబెట్టాడు. కానీ నా వైపు తిరిగి, "ఇంకా అయిపోలేదు," అన్నాడు. "లాప్‌టాప్ మార్చినంత మాత్రాన తోసింది ఈయనే అనడానికి లేదు. మీవాడు తోసిపోయాక ఈయన వచ్చి మార్చుండొచ్చు. మీవాడు వెళ్ళిపోయిన నాలుగూ ఇరవై ఐదు తర్వాత కూడా ఇంజనీరు బతికున్నాడని చూపించండి. అప్పుడు వదులుతాను."

న్యాయమైన మాటే. ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. టైము రెండూ యాభై.

అప్పుడే నా ఫోన్ మోగింది. టంకం అక్క.

"దొరికిందండీ! మా సందు చివరి షాపు. నిన్న పొద్దున ఎవరో వచ్చి, పాస్‌వర్డ్ మర్చిపోయాను, తెరిపించు అని ఇచ్చిపోయాడంట. ఆయన మూత విప్పాడు. నాలుగు మూలలా ఎర్ర చుక్కలు. ఇది మీవాడి చెయ్యే కదక్కా అంటున్నాడు. ఏమిటో తెలీక ముట్టుకోకుండా పెట్టాడు. ఆ షాపు పనిచీటీ మీద వాడి ఫోన్ నంబరుంది, చదవనా?"

చదివింది. నా ఫోన్లో ఆ నంబరు నొక్కాను. బావమరిది చేతిలోని ఫోన్ మోగింది.

బజారులో పది షాపులుంటే పదీ వేరనుకున్నాడు. ఒకడి టంకం అయిపోతే పక్కవాడి దగ్గర చెయ్యి చాచే సందు అది. అక్కడ ఎవడి పని ఏదో బోర్డు చూస్తే చెబుతారు.

మూడూ నలభైకి స్టేషన్లో బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. రెండోదాని అడుగున చీటీలో ఏడు, తెర మీద ఆరు. కీబోర్డులో అంకెల వరస నున్నగా అరిగిపోయింది. టంకాన్ని లాకప్ నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. మణికట్లు రుద్దుకుంటూ మూత విప్పి చుక్కలు చూశాడు. కన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"పగల్లేదక్కా," అన్నాడు.

"నీ మొహం. ముందు ఆన్ చెయ్యి," అంది అక్క.

ఆన్ చేశాడు. ఏ అంకెలూ అడగలేదు. ఆ డిస్కు, ఆ ప్రాసెసర్ మంగళవారం నుంచి ఒకరినొకరు ఎరిగినవే. పనిచీటీ మీది పాస్‌వర్డ్ కొట్టాడు. తెరుచుకుంది.

"చివరగా ఏ ఫైలు ముట్టుకున్నారో చూడు. ఎప్పుడు ముట్టుకున్నారో చూడు."

"మంగళవారం, ఐదూ పన్నెండు," అన్నాడు టంకం. "నాలుగూ ముప్పై ఒకటికి లెక్క మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిది నిమిషాల్లో తేలిపోయింది! పదకొండు గంటలది! ఆ తర్వాత ఏదో రాసి ఐదూ పన్నెండుకి సేవ్ చేశారు."

ఐదూ పన్నెండుకి ఇంజనీరు బతికే ఉన్నాడు. ఇక మిగిలింది ఒకటే.

"ఐదూ పన్నెండు నుంచి ఆరు దాకా ఇతను షాపులోనే ఉన్నాడని ఎవరు చెబుతారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అక్క పనిచీటీల పుస్తకం తెరిచి అతని ముందుకి తోసింది. "నాలుగూ యాభై నుంచి ఆరు దాటేదాకా మా తమ్ముడి ఎదుట కూర్చుని ఫోన్ బాగుచేయించుకున్నది మీ రైటరేనండీ. సంతకం చూసుకోండి."

రైటరు గోడకి అతుక్కుపోయాడు.

"నువ్వు ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరూ అడగలేదు సార్."

నేను నవ్వలేదు. నవ్వేవాణ్ణే, కానీ అప్పటికే తెర మీద ఇంజనీరు రాసిన కాగితం చదువుతున్నాను. భవనాలకి అనుమతులిచ్చే అధికారికి ఉత్తరం. బుధవారం పొద్దున ఇవ్వాలని రాసుకున్నది. పొడి మాటలు. అలాంటి మనిషి.

"నా సంతకంతో వెళ్ళిన లెక్కలో నా తర్వాత ఎవరో అంకెలు మార్చారు. మార్చింది మా బావమరిదే అని నా అనుమానం. ఇవాళ మళ్ళీ వేశాను. నేలమట్టం మీద మూడో స్తంభానికి ఉండవలసిన ఇనుములో సగమే ఉంది. భవనం ఖాళీగా ఉన్నంతకాలం నిలుస్తుంది. జనం చేరి, పైన నీళ్ళ ట్యాంకు నిండాక స్తంభం కుంగడం మొదలవుతుంది. పగుళ్ళ కంటే ముందు ఆ స్తంభం మీది గదుల్లో తలుపులు పైన పట్టేస్తాయి. ఆ గుర్తు కనిపించాక గంటలే ఉంటాయి, రోజులు కాదు. రేపు ఈ భవనం తెరవకూడదు."

దాని కింద భవనం పేరు ఉంది. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కొత్త హాస్టల్. నాలుగంతస్తులు. నిన్న తెరిచారు.

తెర ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పాను. అతను చదివాడు. తలుపుల మాట దగ్గర ఆగాడు. అక్కడే ఇంకోసారి చదివాడు.

"ఫైరింజన్‌కి చెప్పు. హాస్టల్ ఖాళీ చేయించమను. పరుగెత్తు," అన్నాను రైటరుతో. ఈసారి ఎవరూ అడగకుండానే పరుగెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. అలవాటు కొద్దీ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాడు. నాలుగుసార్లు మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"గదిలోనే నాన్నా. పడుకున్నా. వడ్రంగి రాలేదు. నువ్వు చెప్పినట్టే గట్టిగా తోసి మూసేశా."

"లే. తలుపు తెరిచి మెట్ల మీంచి కిందికి వచ్చెయ్. ఏమీ తీసుకోకు. ఇప్పుడే."

మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు. తర్వాత పిడి పట్టి తలుపును ఒకసారి, రెండుసార్లు గుంజిన చప్పుడు.

"నాన్నా," అంది ఆ పిల్ల. "తలుపు రావట్లేదు."